కంటికి ఇద్దరు పెద్దమేస్త్రీలు

జగ్గయ్యపేట,
8-7-2001.

అహల్య పిన్నికి,

మనోజ్ఞ నమస్కారాలు. బాబాయి మోకాలి నొప్పి తగ్గిందని అమ్మ చెప్పింది. ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటా అనుకుంటున్నావేమో. మా ఇంట్లో ఫోన్ కింద కొట్లో, మామగారి గల్లాపెట్టె పక్కన ఉంటుంది. అక్కడ నిలబడి ఏం మాట్లాడినా సరుకులకొచ్చిన వాళ్ళంతా విని తమ ఊళ్ళకు మోసుకెళ్తారు. పోయిన నెల నాకు జలుబు చేసిందని నీతో చెప్పానా, మర్నాటికల్లా చిల్లకల్లు నుంచి మిరియాల కషాయానికి దినుసులు వచ్చాయి.

సంగతేమిటంటే, నాకు మూడో నెల. అమ్మకి చెప్పాను గానీ నీకు మాత్రం నేనే రాస్తానని ఆపాను. నీ దగ్గరుండి ఇంటర్ చదివిన రెండేళ్ళూ కప్ప గుడ్డులోంచి పిల్ల ఎలా వస్తుందో బోర్డు మీద రంగు సుద్దలతో వేసి చూపించేదానివి కదా. ఇప్పుడు నా వంతు వచ్చింది.

గురువారం చంద్రగ్రహణం. సాయంత్రం కాకుండానే మా అత్తగారు ఆండాళమ్మగారు నన్ను నడిమి గదిలో చాప మీద వెల్లకిలా పడుకోబెట్టారు. కాలు మడవకూడదు, గోక్కోకూడదు, గుటక వేయకూడదు. కిటికీలకి దుప్పట్లు కట్టి నా పక్కనే కూర్చున్నారు. నువ్వయితే నవ్వేదానివి. నాకూ నవ్వే వచ్చింది, నా కాలు కాస్త కదిలితే ఆవిడ రెండు చేతులా పట్టి ఆపేదాకా.

అప్పుడు చెప్పారు. మా ఆయన ఆవిడ కడుపులో ఉండగా, ఐదో నెలలో, ఒక సూర్యగ్రహణం వచ్చిందట. డాబా మీద వడియాలు ఆరబెట్టి ఉన్నాయట. గాలివాన వచ్చేట్టుంటే తియ్యడానికి ఒక్క పరుగున వెళ్ళి వచ్చారట. పుట్టిన బిడ్డ కళ్ళు చూసి వాళ్ళ అత్తగారు, "వడియాలు దక్కాయి, వాడి కళ్ళు పోయాయి" అన్నారట. ఆ పెద్దావిడ పోయేదాకా ఆ మాట ఇంట్లో వినబడుతూనే ఉందట. మా అత్తగారు మళ్ళీ వడియాలు పెట్టలేదు. కొట్లోంచి కొనుక్కుంటారు.

ఓంకార్ కళ్ళు నువ్వు పెళ్ళిలో చూశావు. అందరి కళ్ళలో ఉండే గోధుమరంగు ఆయన కళ్ళలో ఉండదు, మొత్తం నలుపే. వెలుతురుకి ఓర్చుకోలేరు, పగలంతా నల్లద్దాలు. చూపు తక్కువే అయినా మెట్లెక్కేది ఎవరో చెప్పుల చప్పుడునిబట్టి చెప్పేస్తారు. మనిషి మహా సరదా. అలాంటివారు, నేను ఈ కబురు చెప్పగానే "అలాగా" అని కొట్లోకి దిగిపోయారు. పది రోజులుగా నాతో సరుకుల గురించి తప్ప మాట్లాడటం లేదు.

నాకు రెండు సంగతులు చెప్పు. గ్రహణం వల్ల కళ్ళు అలా అవుతాయా? తండ్రి కాబోతున్నవాడు "అలాగా" అంటే అర్థమేమిటి?

నీ మనోజ్ఞ.

*

నందిగామ,
14-7-2001.

మనోజ్ఞా,

నీ ఉత్తరం కాలేజీ అడ్రసుకే వచ్చింది. స్టాఫ్‌రూమ్‌లో చదువుకుని పైకే నవ్వేసరికి మా ఫిజిక్సు జగన్నాథరావుగారు, వేసవి సెలవులు మళ్ళీ ఇచ్చారా అని అడిగారు. నీకూ, రాబోయే ఆ చిన్న మనిషికీ ఈ పిన్ని దీవెనలు. బాబాయి స్వీటు తెచ్చి, డాక్టరు వద్దన్నా ముందు తనే తిన్నారు.

మొదటి ప్రశ్నకి జవాబు సులువు. గ్రహణమంటే నీడ. ఆ నీడకి మీ డాబా ఎక్కినావిడ కడుపులోకి దూరే దారి లేదు. పైగా ఆవిడకి అప్పటికి ఐదో నెల అన్నావు. ఓంకార్ కళ్ళ సంగతి అంతకు చాలా ముందే, గర్భం నిలిచిన రోజే తేలిపోయింది. మీ పెళ్ళిలో అతని కళ్ళు చూసి, ఇంటికి రాగానే నేను పుస్తకం తిరగేశాను. పాఠంలా చెబుతాను, ఆవలించకు.

ఇల్లు కట్టేటప్పుడు కూలీలు ఇటుక మోస్తారు, తాపీవాళ్ళు గోడ కడతారు. పెద్దమేస్త్రీ మాత్రం ఇటుక ముట్టుకోడు. ఇక్కడ గోడ లేపండి, అక్కడ గుమ్మం వదలండి, ఇక చాలు అంటాడు. మన జన్యువులూ అంతే. ఎక్కువ భాగం పనిచేసేవి, కొన్ని మాత్రం పని చేయించేవి. మిగతావాటిని ఎప్పుడు లేపాలో, ఎప్పుడు పడుకోబెట్టాలో వాటికే తెలుసు. బిడ్డ పెసరగింజంత ఉన్నప్పుడే తల భాగంలో ఆ మేస్త్రీలు పనిలోకి దిగుతారు. మెదడు ఎంతవరకు, కన్ను ఎక్కడ అని గీతలు గీస్తారు. కన్ను వేరే చోటి నుంచి వచ్చి అతుక్కోదు, మెదడే చిన్న మొగ్గలా ముందుకు పొడుచుకొచ్చి కన్నవుతుంది. విచిత్రమేమంటే కంటి పని చూసే మేస్త్రీ ఈగలోనూ ఎలుకలోనూ కూడా దాదాపు వీడే.

ఒక్కో పనికి ఇద్దరు మేస్త్రీలుంటారు, ఒకరు తల్లి వైపు నుంచి, ఒకరు తండ్రి వైపు నుంచి. చాలా పనులు ఒక్కడితో కూడా సాగిపోతాయి. కంటికి మాత్రం ఇద్దరూ కావాలి. ఓంకార్ విషయంలో ఒకడు పనిలోకి రాలేదు. కన్ను తయారైంది గానీ, వెలుతుర్ని ఆపే రంగు తెర వేసే పని ఆగిపోయింది. ఆండాళమ్మగారితో నా మాటగా చెప్పు, వడియాలు నిర్దోషులు.

రెండో ప్రశ్నకి జవాబు నాకు తెలియదు. అతన్నే అడుగు. కొట్లో కాదు, ఎక్కడికైనా తీసుకెళ్ళి అడుగు.

వేళకి తిను. ఆకుకూరలు మానకు.

నీ పిన్ని,
అహల్య.

*

జగ్గయ్యపేట,
20-8-2001.

పిన్నీ,

నువ్వు చెప్పినట్టే అడిగాను. శ్రావణ శనివారమని వేదాద్రి నరసింహస్వామి దర్శనానికి వెళ్ళాం. దర్శనమయ్యాక రేవు మెట్ల మీద నీడ చూసుకుని కూర్చున్నాం. కృష్ణలో నీళ్ళు ఎర్రగా, నిండుగా ఉన్నాయి. నీళ్ళ మీద ఎండ తళతళకి ఆయన నదికి వీపు పెట్టి కూర్చున్నారు. మేం ఎదురెదురుగా ఉన్నాం, నేను నదిని చూస్తూ, ఆయన నన్ను చూస్తూ.

పెళ్ళికి మూడేళ్ళ ముందే హైదరాబాదులో ఒక కంటి డాక్టరు ఆయనకి చెప్పారట, పుట్టే బిడ్డకి ఈ కళ్ళు వచ్చే అవకాశం సగానికి సగమని. పిల్లలే వద్దని అప్పుడే అనుకున్నారట. పెళ్ళిచూపుల్లో నాతో ఆ మాట చెప్పాలని నోటిదాకా తెచ్చుకుని, నేను ఏదో అని నవ్వేసరికి చెప్పలేకపోయారట.

తన చిన్నప్పటి సంగతులు మొదటిసారి చెప్పారు. బడిలో ప్రార్థనకి తూర్పు ముఖంగా నిలబెట్టేవారట. ఎండకి కళ్ళు మూసుకుంటే, పొగరని మాస్టారు చెవి మెలేసేవారట. బోర్డు మీద అక్షరాలు కనబడక పక్కవాడి పుస్తకంలోకి వంగితే కాపీ అనేవారట. బంతాటలో ఆయన్ని ఎవరూ తమ జట్టులోకి తీసుకునేవారు కాదట. ఇవన్నీ నవ్వుతూనే చెప్పారు. కానీ చివర్న నవ్వలేదు.

"నాలాంటి ఇంకొకణ్ణి ఆ ఎండలో నిలబెట్టాలా అని భయమేస్తోంది మనోజ్ఞా. నువ్వేమంటావు?" అన్నారు.

"మీలాంటివాడే పుడితే మీలాంటివాణ్ణే పెంచుతా. ఈ రెండేళ్ళలో నాకు అలవాటే కదండీ" అన్నాను. ఆయన బస్సుకి వేళయిందని లేచారు. బస్సు దిగాక మాత్రం నా చేతిలో సంచీ తీసుకున్నారు.

ఆయన మీద నాకు కోపం లేదు. నీ మీద ఉంది. పెళ్ళినాడే పుస్తకం తిరగేశానని నువ్వే రాశావు. అంటే సగానికి సగమని నీకూ తెలుసు. మేస్త్రీలనీ ఈగలనీ నాలుగు పేజీలు రాసి, ఆ ఒక్క మాట మాత్రం వదిలేశావు. నేను నీ స్టూడెంటుని కూడా కదా. పరీక్షలో ఇలా అసలు ప్రశ్న వదిలేస్తే మార్కులు వేసేదానివా?

ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు. అత్తగారితో వడియాల మాట అంటే, "మీ పిన్నిగారు చదువుకున్నావిడ, నా మనసు బాధపడకూడదని అలా రాసుంటారు" అన్నారు. ఆవిడ నమ్మలేదు. ఇప్పుడు నేను కూడా నీ మాట ఎంత నమ్మాలో ఆలోచించుకోవలసి వస్తోంది.

మనోజ్ఞ.

*

నందిగామ,
2-9-2001.

మనోజ్ఞా,

సున్నా మార్కులు. ఒప్పుకుంటున్నాను. మొదటిసారి తల్లివవుతున్నావు, ఆ సంతోషంలో నాలుగు వారాలైనా ఉండనిద్దామనుకున్నాను. అది నేను తీసుకోవలసిన నిర్ణయం కాదు. ఇకమీదట నాకు తెలిసింది తెలిసినట్టు రాస్తాను.

సగానికి సగం. అబ్బాయైనా, అమ్మాయైనా. ఇప్పుడు కడుపులో ఉండగా తెలుసుకునే దారి మనకి అందుబాటులో లేదు, స్కానింగులో కనబడదు. ఆ బిడ్డకి ఏ మేస్త్రీ వచ్చాడన్నది వైశాఖంలోనే తేలిపోయింది. నువ్వు దిగులుపడితే రాదు, ధైర్యంగా ఉంటే పోదు. వస్తే, చూపు తక్కువగా ఉంటుంది. కంట్లో ఒత్తిడి పెరగకుండా ఏళ్ళ తరబడి చూపించుకోవాలి. ఇవన్నీ ఓంకార్‌కి నాకన్నా బాగా తెలుసు.

ఇంకో సంగతి. పోయిన వారం హైదరాబాదులో మాకు రిఫ్రెషర్ కోర్సు జరిగింది. ఒక ప్రొఫెసరు సరిగ్గా ఈ జన్యువు గురించే మాట్లాడారు. నేను మొదటి వరసలోకి మారి కూర్చున్నాను. ఈ మేస్త్రీ కంటితో ఆగడట, మెదడులోనూ పనులు చేయిస్తాడట. కంట్లో తెర లేనివాళ్ళ మెదడు స్కాన్ చేసి చూస్తే, కొందరిలో రెండు సగాలనీ కలిపే ఒక సన్నని నరాల కట్ట చిన్నదిగా ఉందట, కొందరిలో అసలు లేదట. చాలామందికి వాసన సరిగ్గా తెలియదట. ఈ ఏడాదే బయటికొచ్చిన సంగతి. ఓంకార్ తెలివికి లోటు లేదని మనకి తెలుసు, కనక భయపడకు. కానీ వాసన సంగతి ఎప్పుడైనా గమనించావా?

సరదాగా ఒక పరీక్ష పెట్టు. ఫోటో స్టూడియోలో ఖాళీ ఫిల్ము డబ్బాలు ఇస్తారు. ఒక్కోదాంట్లో ఒక్కో వస్తువు వెయ్యి: కాఫీపొడి, ఇంగువ, మల్లెపూలు, నెయ్యి. కళ్ళకి గుడ్డ కట్టి ముక్కు దగ్గర పెట్టు. కర్పూరం, మిరప్పొడి మాత్రం వద్దు. అవి ముక్కుని చురుక్కుమనిపిస్తాయి, వాసన తెలియనివాళ్ళు కూడా కనిపెట్టేస్తారు. అందరికీ పెట్టు, అతనొక్కడికే పెడితే మళ్ళీ బడిలో నిలబెట్టినట్టుంటుంది.

కోపం తగ్గాక రాయి. తగ్గకపోయినా రాయి.

పిన్ని.

*

జగ్గయ్యపేట,
16-10-2001.

పిన్నీ,

కోపం ఎప్పుడో పోయింది. ఈ ఉత్తరం మాత్రం కూర్చుని చదువు.

దసరా సరుకు దిగి, ఇన్నాళ్ళూ ఎవరికీ తీరిక లేకపోయింది. మొన్న ఆదివారం మధ్యాహ్నం కొట్టు కట్టేశాక పరీక్ష పెట్టాను. మొదట నేనే కూర్చున్నాను, తర్వాత అత్తగారు. ఆవిడకి ప్రతి డబ్బాకీ నూటికి నూరు. ఇంగువ డబ్బా పెడితే ఏ రకమో, ఎన్నాళ్ళ కిందటిదో కూడా చెప్పేశారు. తర్వాత మా ఆయన. కాఫీపొడి పెడితే "ఏమీ పెట్టలేదు కదా" అన్నారు. మల్లెపూలు పెడితే "ఇదీ ఖాళీయే" అన్నారు. నేను రోజూ పూలు పెట్టుకుని ఎదురుగా తిరుగుతున్నాను పిన్నీ, రెండేళ్ళ నుంచి! పూలు బాగున్నాయని ఆయన అంటూ ఉంటే వాసన గురించి అనుకున్నాను. తెల్లగా కనబడుతున్నాయని అన్నారట. అందరం పడీ పడీ నవ్వాం. ఆయన కూడా నవ్వారు. వాసన వాసన అని జనం ఊరికే గొప్పలు చెప్పుకుంటారనుకున్నారట ఇన్నాళ్ళూ.

మామగారు ఒక్కరే నవ్వలేదు. ఆయన సంగతి నీకు తెలుసు. నెయ్యి వ్యాపారంలో కోటిలింగంగారి ముక్కు అంటే పరిటాల దాకా పేరు. పల్లెల నుంచి డబ్బాలు రాగానే వేలితో కొంచెం తీసి, చేతి వెనక రాసి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంటారు. ఆ తర్వాత గిన్నెలో వేసి, ఇంటి లక్ష్మి చెయ్యి తగలాలంటూ లోపలికి, అత్తగారి దగ్గరికి పట్టుకొస్తారు. ఆవిడ చెయ్యి పడ్డాకే బేరం. అందుకే ఆయన్ని కూర్చోమన్నాం. గోడౌన్లో పని ఉందన్నారు. అత్తగారు ఊరుకోలేదు, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి తనే కళ్ళకి తుండుగుడ్డ కట్టారు.

ఇంగువ డబ్బా పెట్టాను. "సెంటు" అన్నారు.

నవ్వబోయి ఆగిపోయాం. నెయ్యి డబ్బా పెట్టాను. తుండుగుడ్డ తనే విప్పుకుని, అత్తగారి వైపు చూడకుండా నాతో చెప్పారు.

"నెయ్యి వాసన నేనెప్పుడూ చూళ్ళేదమ్మా. మీ అత్తయ్య మొహం చూసేవాణ్ణి."

పన్నెండేళ్ళప్పుడు వాళ్ళ నాన్నగారు కొట్లో కూర్చోబెట్టి నెయ్యి వాసన చూడమంటే, ఏం చూడాలో తెలియక, ఆయన చేసినట్టే కళ్ళు మూసుకునేవారట. నెయ్యి పూసకట్టిన తీరూ, రుచీ బట్టి కొంత నేర్చుకున్నారట. పెళ్ళయిన కొత్తలో ఒక గిన్నె లోపలికి తీసుకొస్తే అత్తగారు మొహం చిట్లించారట. ఆ నెయ్యి తరవాత చెడిపోయిందట. అప్పట్నుంచీ ప్రతి డబ్బా గిన్నె లోపలికే. ఆవిడ కనుబొమ కొంచెం లేస్తే మంచి సరుకు, ముక్కుపుటం కదిలితే వెనక్కి. పిన్నీ, ముప్పై ఏళ్ళు ఈ ఊరి నెయ్యి వ్యాపారమంతా మా అత్తగారి మొహం మీద నడిచింది, ఆవిడకి తెలియకుండా.

అప్పుడు నీ రెండు ఉత్తరాలూ తెచ్చి, మేస్త్రీల సంగతీ వాసన సంగతీ అందరికీ చదివి వినిపించాను. సగానికి సగం అన్న ముక్క కూడా దాచలేదు. మామగారు వింటూ వింటూ తన ఎడమ కన్ను తడుముకున్నారు. ఆ కంట్లో నల్లపాప కిందికి జారి తాళం కప్ప రంధ్రంలా ఉంటుంది. చిన్నప్పుడు కర్రాబిళ్ళ తగిలిందని అందరం అనుకునేవాళ్ళం. నిజానికి తగిలినట్టు తనకీ గుర్తులేదట, వాళ్ళమ్మగారు చెప్పిన మాటట.

లేచి అత్తగారి ముందుకెళ్ళి కూర్చున్నారు. "ఆండాళూ, వాడి కళ్ళు నా దగ్గర్నుంచి వచ్చినయ్యే. నువ్వు డాబా ఎక్కినందుకు కాదు. మా అమ్మ అన్నప్పుడల్లా నేను నోరు మూసుకు కూర్చున్నా" అన్నారు.

ఆవిడ ఏడుస్తారనుకున్నాను. "మీ అమ్మగారు బతికుంటే బావుండేది" అన్నారు. అంతే. లోపలికెళ్ళి అందరికీ కాఫీ కలుపుకొచ్చారు. మామగారి గ్లాసు ఆయన చేతికిస్తూ, "ఇది కాఫీ అండీ, సెంటు కాదు" అన్నారు. అప్పుడు మామగారు కూడా నవ్వారు.

మా ఆయన మాత్రం ఆ సాయంత్రమంతా వాళ్ళ నాన్నగారి పక్కనే అరుగు మీద కూర్చున్నారు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో తెలియదు. తన కళ్ళు ఈ ఇంట్లో ఇంకొకరికి కూడా కొంత ఉన్నాయని తెలియడం వల్లనేమో, మనిషి కొంచెం తేలికపడ్డట్టున్నారు. బిడ్డ మాట మాత్రం ఇంకా ఎత్తటం లేదు.

నీ మనోజ్ఞ.

*

నందిగామ,
9-12-2001.

మనోజ్ఞా,

నీ పోయిన ఉత్తరం మీ బాబాయికి చదివి వినిపించాను. అప్పటి నుంచీ వంట ఎలా ఉందో నోటితో చెప్పకుండా తన మొహం చూసి తెలుసుకోమంటున్నారు.

కోటిలింగంగారి ఎడమ కన్ను నాకు పెద్ద పాఠం. అదే మేస్త్రీ, అదే లోపం. తండ్రికి ఒక కంట్లో కొంచెం, కొడుక్కి రెండు కళ్ళలోనూ పూర్తిగా. ఎందుకంత తేడా అంటే ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదు. క్లాసులో పిల్లలకి అలాగే చెప్పాను, తెలియదని. ఊరూ పేరూ చెప్పలేదులే.

ఇప్పుడు అసలు కబురు. మొన్న గురువారం మధ్యాహ్నం కాలేజీ గేటు దగ్గర నల్లద్దాలు పెట్టుకుని ఓంకార్ నిలబడి ఉన్నాడు. బస్సులో ఒక్కడే వచ్చాడు. సరుకు పని మీద వచ్చానన్నాడు. నందిగామలో ఏ సరుకు అంటే చెప్పలేకపోయాడు. నేను వచ్చానని మనోజ్ఞకి తెలియకూడదండీ అన్నాడు. ఒకసారి దాచి చూశాను కదా, చాలు. అందుకే రాస్తున్నాను.

బిడ్డకి వస్తుందా రాదా అని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. పుట్టిన రోజు ట్యూబులైటు వెలుతురు కళ్ళకి బాధపెడుతుందా అని అడిగాడు. ఎన్నో నెలకి టోపీ పెట్టొచ్చు, అద్దాలు అంత చిన్నవి దొరుకుతాయా, బడిలో ఏ వరసలో కూర్చోబెట్టాలి, బోర్డు కిటికీకి ఏ పక్కన ఉంటే మేలు అని అడిగాడు. కొన్నిటికి నేను చెప్పగలిగాను. చాలావాటికి అతనే జవాబు చెప్పుకున్నాడు, అడిగిన వెంటనే, తన అనుభవంలోంచి. వినడానికి ఒక మనిషి కావాలి, నేను దొరికానంతే.

లేచి వెళ్ళేటప్పుడు, "మా నాన్నకి నా కళ్ళ గురించి ఏం తెలీదండీ పాపం. నాకు అన్నీ తెలుసు కదా" అన్నాడు.

నువ్వు జూలైలో అడిగిన రెండో ప్రశ్నకి జవాబు వచ్చినట్టే. పురిటికి మైలవరం, మీ అమ్మ దగ్గరికి ఎప్పుడు బయల్దేరుతున్నావు? కుదుపుల బస్సు ఎక్కకు, కారు మాట్లాడుకోండి.

పిన్ని.

*

మైలవరం,
10-2-2002.

పిన్నీ,

అమ్మాయి. పోయిన ఆదివారం ఉదయం. అమ్మ ఫోన్లో నీకు ఒక్క ముక్క చెప్పి ఏడుస్తూ పెట్టేసిందట కదా. అందుకే మిగతాది నేను రాస్తున్నాను, పక్కలో నీ మనవరాల్ని పెట్టుకుని. నేను బాగున్నాను. అదీ బాగుంది.

నేను నర్సింగ్‌హోమ్‌లో చేరకముందే మీ అల్లుడుగారు వచ్చి, నాకిచ్చే గది ముందుగా చూసుకుని, కిటికీకి ముదురాకుపచ్చ గుడ్డ కొలతలు తీసి కుట్టించుకొచ్చి తగిలించారు. నర్సు రత్నంగారు, ఇదేం సినిమాహాలా అని గొడవ. గాలి రాదని ఆమె, రెండు పక్కలా వదిలానని ఈయన.

పాప పుట్టి, తుడిచి నా పక్కన పెట్టినప్పుడు పైన ట్యూబులైటు వెలుగుతోంది. గుక్కపెట్టి ఏడుస్తోంది. కళ్ళు గట్టిగా మూసేసింది. ఆకలి అన్నారొకరు, చలి అన్నారొకరు. ఈయన తలుపు తోసుకుని వచ్చి, ఎవరినీ అడక్కుండా లైటు ఆర్పేశారు. రత్నంగారు ఏదో అనబోయారు. అప్పటికే ఏడుపు సన్నబడింది. పాప కళ్ళు విప్పింది.

ఆయన వంగి, ముక్కు ముక్కుకి తగిలేంత దగ్గరగా చూశారు. ఆయన చూపుకి అంత దగ్గర కావాలి కదా. చాలాసేపు చూశారు.

"నా కళ్ళే" అన్నారు.

ఆ గొంతులో బాధ కోసం వెతికాను పిన్నీ. దొరకలేదు.

బయట అమ్మ వరండాలో కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జగ్గయ్యపేట నుంచి అత్తగారూ మామగారూ మధ్యాహ్నానికి దిగారు. అత్తగారు మొదట పాపని చూశాక, బయటికెళ్ళి అమ్మ పక్కన కూర్చున్నారు. "ఏడవకండి వదినగారూ. నేను ముప్పై ఏళ్ళు ఏడ్చా, పిల్లాడికి దానివల్ల పైసా ఉపయోగం లేదు. వాడికి కావలసింది గొడుగు, నేనేమో కన్నీళ్ళు పెట్టుకుంటూ కూర్చున్నా" అన్నారట. అమ్మ నాతో ఆ మాట మూడుసార్లు చెప్పింది. ఇప్పుడు ఏడవటం లేదు. గుడ్డ టోపీలు కుడుతోంది, అంచు పెద్దగా రావాలని ఆయన కొలత ఇచ్చారు.

శుక్రవారం బెజవాడ కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. నువ్వు రాసినదే ఆయనా చెప్పారు. చూపు తక్కువగా ఉంటుంది, చూపు ఉంటుంది. ఒత్తిడి పెరగకుండా మూడు నెలలకోసారి రావాలి. ఆయన మాట్లాడుతుంటే మా ఆయన మధ్యలో అందుకుని ఏవో అడుగుతున్నారు. డాక్టరుగారు కాసేపటికి నా వైపు తిరిగి, మీకు ఇంట్లోనే డాక్టరున్నాడమ్మా అన్నారు.

పేరు ఇంకా అనుకోలేదు. నీకేమైనా తోస్తే రాయి. గ్రహణాల పేర్లు, మేస్త్రీల పేర్లు తప్ప.

ఇది రాస్తుంటే సాయంత్రమైంది. ఎండ తగ్గాక ఆయన పాపని మొదటిసారి వరండాలోకి తీసుకెళ్ళారు. ఒక చెయ్యి దాని నుదుటి మీద చూరులా పెట్టారు. పడమటి వైపు ఇంకా కొంచెం ఎరుపు ఉంది. పాప కళ్ళు చికిలించి మూతి వంచింది, ఏడవబోతోందనుకుని నేను మంచం మీంచి లేవబోయాను. ఆయన కంగారుపడలేదు. వీపు అటు తిప్పి నీడ చేసి, దానికి మాత్రమే వినబడేట్టు చెబుతున్నారు. నాకూ వినబడింది.

"భయం లేదు నాన్నా. ఒక్కసారే అంతా చూడక్కర్లేదు. కొంచెం కొంచెంగా తీసుకుందాం. ఎలాగో నాకు తెలుసు."

అది మూతి సర్దుకుని, ఆయన చొక్కా పట్టుకుని, మెల్లగా ఒక కన్ను విప్పింది.

నీ
మనోజ్ఞ.